వాడరేవుల మల్లవ్వ జాగ

కోరుట్ల,
21-9-2011

తమ్ముడు సాంబయ్యకు అక్క మల్లవ్వ దీవెనార్తి పెట్టి, ఎవ్వలతోని రాయించకుంట సొంతంగ రాస్తున్న ఉత్తరం.

నీతోని మాట్లాడనని నీ బిడ్డ సుమలత కొడుక్కు పేరు పెట్టిన నాడు మీ ఇంట్ల అందరి ముంగట ఒట్టు పెట్టుకున్న. ఆ ఒట్టు మీదనే ఉన్న. గందుకే ఫోన్ చేస్తలేను. మాట్లాడ అన్న గని రాయ అనలే.

ఇంత వయసుల ఆంధ్ర సముద్రం కాడ ఒక్కదానివి ఉండుడేంది, గక్కడ ఏం చేస్తవు, మా ఇజ్జత్ ఏం గావాలె అని నువ్వు అందరు ఇనంగ అంటివి. నేనేమన్న దొంగతనానికి పోయిన్నా? వానకాలంల మా బీడీలోళ్లందరం బండి మాట్లాడుకొని విజయవాడ దుర్గమ్మ కాడికి పోయినం. సముద్రం సుత సూసి పోదామంటె, డ్రైవర్ చీరాల పక్కపొంటి వాడరేవుల ఒక్క పూట బండి ఆపిండు. అందరు కాళ్లు తడుపుకొని వచ్చి బండి ఎక్కిన్రు. నేను కూసున్నకాడి నుంచి లేవలే. డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి పరేషానయిండు. మీరు పోండ్రి, నేను అటెన్క వస్త అన్న. అక్కడ చేపలమ్ముకునే కోటమ్మ అని ఉన్నది, ఆమె ఇంట్ల అర్ర ఖాళీగుంటె అండ్లనే ఉండిపోయిన. యాదగిరికి ఫోన్ చేసి చెప్పిన. కొడుకు ఊకున్నడు. నీకే బాధ.

సుమలత మీది పావురానికి మనసాగక, పేరు పెట్టే నాటికి నాలుగొద్దులు ఉండి పోదామని వచ్చిన. నా చీరెలు, సద్దిగిన్నె, దువ్వెన సుత కోటమ్మ ఇంట్లనే పెట్టి వచ్చిన, మళ్ల పోయేదాన్నే గదా అని. ఇక్కడికి వచ్చి సూస్తె సకల జనుల సమ్మె అంటున్రు. సకల జనులంటె సకల జనులే అని బస్సులు సుత బందు పెడ్తిరి. నువ్వు సిరిసిల్ల చౌరస్తల టెంటేసుకొని కన్వీనర్‌వి అయితివి. ప్రైవేటు బండి పోవాలన్నా మీ అసొంటోళ్ల చిట్టి ఉంటెనే పోనిస్తరట. నాకు కాజీపేట టేషను దాక ఒక చిట్టి రాసియ్యి. అక్కడ రైలెక్కుత. నీకు పుణ్యముంటది.

దీవెనలతోని,
నీ తోడబుట్టిన
మల్లవ్వ

తా.క.: తెలంగాణ వద్దని నేను అంటలేను. రావాలె. గని అది ఢిల్లీ నుంచి వస్తది, నేను చీరాలకు పోత. మా ఇద్దరి తొవ్వలు ఎక్కడ అడ్డం పడ్తయో నాకు సమజ్ గాలే.


సిరిసిల్ల,
24-9-2011

పూజ్యురాలైన అక్క మల్లవ్వ గారి పాదములకు, సాంచాల కార్మికుల జేఏసీ వార్డు కన్వీనర్ సాంబయ్య నమస్కరించి, జై తెలంగాణ చెప్పి వ్రాయునది ఏమనగా,

తమరి ఉత్తరం అందినది. అందలి విషయములను టెంటులో కూర్చుండి క్షుణ్ణముగా పరిశీలించినాను. అక్కా, గిట్ల రాస్తుంటె చెయ్యి గుంజుతున్నది. మామూలుగనే రాస్త.

నువ్వు జర ఆలోచన చెయ్యి. పొద్దున లేస్తె నేను మైకు పట్టుకొని, మన నీళ్లు మనకు, మన బతుకు మనకు అని చెప్తున్న. బట్ట నేసే సాంచాలన్ని బందువెట్టి జనం నా మాట ఇంటున్నరు. గసొంటోని అక్క ఆంధ్ర సముద్రం కాడ ఇసుకల కూసుంటనని బయిలెల్లితె, నన్ను మైకు కాడికి రానిస్తరా? చిట్టి అడిగినోళ్లకు ఇస్తున్నం, కాదంట లేను. పురుడు పోసుకునేటోళ్లకు, దవాఖానకు పోయేటోళ్లకు. సముద్రం సూసేటోళ్లకు ఇచ్చే చిట్టి మా పుస్తకంలనే లేదు.

నీకు కావాల్సింది నీళ్లే గద. జగిత్యాల దాటితె ధర్మపురి. గోదారి నిండ పారుతున్నది. యాదగిరి సోపతిగాని ట్రాక్టరు రాయికల్ దిక్కు తిరుగుతున్నదట, దాంట్ల కూసొని పో. ఒక పూట కాదు, వారం ఉండు. మన గోదారి, మన ఒడ్డు, మనోళ్లే అందరు. గక్కడ కూసుంటె ఉద్యమానికి సుత మంచిది.

సుమలత కొడుకు మంచిగున్నడు. పిడికిలి గట్టిగ బిగవడ్తున్నడు. మనోడే.

విధేయుడు,
సాంబయ్య
(కన్వీనర్)

తా.క.: మొన్న రోడ్డు మీద వంటా వార్పు పెట్టినం. ఉపన్యాసాలు ఎక్కువై పప్పు మాడింది. నేను తిననని లేచిపోయినోన్ని ఉద్యమ ద్రోహి అన్నం. అటెన్క నేను సుత తినలేకపోయిన. ఎవ్వలకు చెప్పకు.


కోరుట్ల,
28-9-2011

తమ్ముడు సాంబయ్యకు, ధర్మపురి పోయి వచ్చిన మల్లవ్వ నడుం నొప్పితోని రాస్తున్నది.

ట్రాక్టరుల పోతె నడుమిరిగింది. పోనీ పోయినందుకన్న ఒక పూట సల్లగ కూసుందామంటె, మెట్ల మీద కూసున్నదే ఆలిశం, గోత్రం ఏందమ్మా అని ఒకాయిన వచ్చిండు. ఏం లేదయ్యా, నీళ్లు సూస్తున్న అన్న. ఎవరు పోయిన్రు, ఎప్పుడు పోయిన్రు అని మళ్ల అడిగిండు. ఎవ్వలు పోలే, నేనే పోవాలంటున్న, నా తమ్ముడు పోనిస్తలేడు అన్న. ఆయినకు నా తలకాయ మీద అనుమానం వచ్చి జర దూరం జరిగిండు.

గోదారిని నేను తక్కువ జేస్తలేను. మన తల్లి. గని తమ్మీ, గోదారి పోతది. మన ముంగటి నుంచే పోతది, మల్ల రాదు. సముద్రం గట్ల కాదు. పోయి మల్ల నా కాళ్ల కాడికే వస్తది. వస్తనని చెప్పి పోయి, చెప్పినట్టు వచ్చింది నా బతుకుల గదొక్కటే.

నీకు ఎరుకనే గద. బొట్టు పెట్టుకునుడు రానప్పటి నుంచి బీడీలు చుట్టిన. ఒళ్లె చాట, చాటల తునికాకు, వంచిన తలకాయ ఎత్తుడు లేదు. పెండ్లయినా గంతే, యాదగిరి పుట్టినా గంతే, మీ బావ పోయినా గంతే. ఇంటి ముంగట ఎవ్వలు పోతున్నరో కాళ్లు సూసి గుర్తువట్టేది, మొకాలు నాకు తెల్వయి. వాడరేవుల మొదటిసారి తలకాయెత్తిన. ఎంత దూరం సూసినా అడ్డం ఏం లేదు. మెడ నొప్పి పుట్టింది గని దించబుద్ధి కాలే. ఇయ్యాల ఎన్ని చుట్టినవని అక్కడ ఎవ్వలు అడుగరు.

ఇంగో మాట. అక్కడ నాకు జాగ ఉన్నది. తూర్పు మొకాన, పడవలు గుంజిపెట్టే కాడికి జర అవతల. మస్తు మంది కన్నేసిన్రు గని కోటమ్మ ఎవ్వల్ని రానిస్తలేదు, నా పేరే చెప్తున్నదట. నేను ఇట్లనే ఇక్కడ కూసుంటె గా జాగ నాది కాకుంట పోతది. అప్పుడు నువ్వు తెచ్చిస్తవా?

దీవెనలు. చిట్టి పంపు.
మల్లవ్వ

తా.క.: పిల్లగాడు పిడికిలి బిగవడ్తె ఉద్యమం కాదురా. కడుపు నొప్పి. వాము నీళ్లు పట్టుమను.


సిరిసిల్ల,
1-10-2011

అక్క మల్లవ్వకు నమస్కారం. ఏం రాయాల్నో తెల్వక రెండు కాయిదాలు చింపి మూడో దాని మీద రాస్తున్న.

అక్కా, జాగనా?

ఆంధ్రల, సముద్రం ఒడ్డున, తూర్పు మొకాన నీకు జాగ ఉన్నదా? ఉండి, గిన్ని దినాలు తోడబుట్టినోనికి ఒక్క మాట చెప్పకపోతివి. పేరు పెట్టిన నాడు నేను నిన్ను అన్ని మాటలంటుంటె సుత నోరు తెరవకపోతివి. వాళ్లొచ్చి మన భూములు కొంటున్నరని నేను గోడల మీద రాయిస్తున్న, నువ్వు సప్పుడు చెయ్యకుంట పోయి వాళ్ల ఒడ్డు మీద జాగ సంపాయిస్తివి. నిన్ను తిట్టాల్నో మొక్కాల్నో నాకు తెలుస్తలేదు. బీడీలు చుట్టి చుట్టి గింత పని చేసినవా?

ఈ కింది వాటికి ఎంటనే జవాబు రాయి. ఎన్ని గజాలు? కాయిదం ఎవ్వలి పేరు మీద ఉన్నది? హద్దులు ఏంటివి? నాలుగు దిక్కుల ఎవలెవలున్నరు? ఆ కోటమ్మ నమ్మకమున్న మనిషేనా? కన్నేసినోళ్లు ఎవ్వలు? రాజకీయపోల్లా, మామూలోళ్లా?

యాదగిరికి తెలుసా? తెల్వకుంటె ఇప్పుడే చెప్పకు. కోడలు రజితకు అస్సలే చెప్పకు.

నేను హన్మండ్లుకు ఒక్కనికే చెప్పిన. టెంట్ల నా పక్కన కూసునేటోడు. ఆయినకు చెప్తె గోడకు చెప్పినట్టే.

నమస్కారాలతోని,
సాంబయ్య

తా.క.: హన్మండ్లు ఒక్కటే అన్నడు. తూర్పు మొకం, ముంగట నీళ్లు, గసొంటి జాగ ఉద్యోగులకు సుత దొరుకదట. ఆ మాట ఇన్నంక నాకు నిద్ర పడ్తలేదు.


కోరుట్ల,
3-10-2011

సాంబయ్యకు అక్క దీవెనలు.

నీకేమన్న జెరమొచ్చిందా? కూసునే జాగకు గజాలేంది?

సరే, అడిగినవు గద, చెప్త. కాళ్లు సాపుకొని కూసుండేంత ఉంటది. నువ్వు వస్తె నీకు సుత సరిపోతది, నీ పెండ్లాం వస్తె జర ఇరుకు. కాయిదం గీయిదం ఏం లేదు, అక్కడ ఎవ్వలకు కాయిదాలు లేవు. ముందుగాల పోయి కూసున్నోళ్లదే జాగ. హద్దులంటవా, ఎడమ దిక్కు కోటమ్మ చేపల గంప, కుడి దిక్కు ఇరిగిపోయిన పాత పడవ, ముంగట సముద్రం, ఎనుక కుక్కలు పండుకుంటయి. పుల్లతోని గీత గీసుకుంటె పొద్దుమీకి నీళ్లొచ్చి తుడిచిపోతది, తెల్లారి మల్ల గీసుకునుడే. కన్నేసినోళ్లు అంటె చీరాల నుంచి ఐతారం ఐతారం వచ్చేటోళ్లు. వాళ్లు రాంగనే కోటమ్మ గంప అండ్ల పెడ్తది, వాసనకు ఎల్లిపోతరు.

అది ఇడిసిపెట్టు. ఇక్కడ మా ఇంట్ల ఏదో అయితున్నది. రజిత నాకు అడగకుంటనే చాయ ఇస్తున్నది. ఇంతకుముందు అడిగితె సుత పాలు లేవనేది. నిన్న కోడిగుడ్డు పొరటి నాకొక్కదానికే పెట్టింది. మొన్న బతుకమ్మకు మీరు ఉత్తగ కూసోండి అత్తమ్మా అని పువ్వంత తనే పేర్చింది. యాదగిరి వచ్చి కాళ్లు పిసికిండు. పిసుక్కుంట, అమ్మా నాకు తమ్ముండ్లు లేరు గద అన్నడు. లేరు, నీకు ఎరుకనే గద అన్న. అక్కచెల్లెండ్లు సుత లేరు గద అన్నడు. నాకు భయమైంది. నాకేమన్న పెద్ద రోగమున్నదని డాక్టరు వీళ్లకు చెప్పిండా? నీకు తెలిస్తె దాచకు.

రోగమే అయితె నన్ను తొందరగ వాడరేవు పంపున్రి. సావుడైనా గక్కడ కూసొని సస్త.

మల్లవ్వ

తా.క.: బీడీలు తీసుకునే కార్ఖానా సర్దార్ నాకు నమస్తె పెట్టిండు. నా బీడీలు బాగ లేవని పక్కకు పారేసుడు తప్ప, గిన్నేండ్లల నా మొకం సూడనోడు. మీ జాగ పక్కన మాకు సుత ఏమన్న దొరుకుతదా పెద్దమ్మా అన్నడు. నువ్వు నా మీద ఎవ్వలకేం చెప్పినవ్‌రా?


సిరిసిల్ల,
7-10-2011

మా ఇంటి ఆడబిడ్డ, మా వార్డు గౌరవం, అక్క మల్లవ్వకు దసరా జమ్మి పెట్టి సాంబయ్య రాస్తున్నది.

నీకు రోగం లేదు. ధైర్నంగ ఉండు. సంగతి బయటవడ్డది, గంతే.

నేను హన్మండ్లుకు చెప్పిన మాట నిజం. హన్మండ్లు ఇంట్ల చెప్పుకున్నడు. వాళ్ల చుట్టాలు కోరుట్లల ఉన్నరట. పండుగ నాడు నేను టెంటుకు పోయేసరికి మైకుల నీ పేరే ఇనవడ్తున్నది. యాభై అరవై ఏండ్ల నుంచి వాళ్లు మన జాగలల్ల దిగుతున్నరు, మన మల్లవ్వ ఒక్కతే పోయి వాళ్ల సముద్రం ఒడ్డున దిగింది అని మాట్లాడిండు ఒకాయిన. జనం నవ్వలే అక్కా. ఏడ్చిన్రు. సాంచాల మీద బతుకెల్లదీసినోళ్లం, మనలో ఒకరికి ఎక్కడన్న తూర్పు మొకాన జాగున్నదంటె మాకు ఎట్లుంటదో ఆలోచన చెయ్యి.

అటెన్క నీ ఉత్తరం సదివి వినిపించిన. కాయిదాలు లేవు, గీసిన గీత పొద్దుమీకి తుడిచిపెట్టుకపోతున్నది అన్న కాడ టెంటంత లేచి నిలవడ్డది. అది నీళ్ల పని కాదక్కా, నువ్వు అమాయకురాలివి. హద్దులు చెరిపి కబ్జా పెట్టేటోళ్ల పని. ఆ చేపల గంప వాసన సంగతి సుత మాకు అనుమానంగనే ఉన్నది.

అందుకని టెంట్ల తీర్మానం చేసినం. ఎల్లుండి పొద్దుగాల తుఫాన్ బండి మీ ఇంటి ముంగట ఉంటది. చిట్టి నేనే రాసిన, సంతకం నేనే పెట్టిన. హన్మండ్లు నీ ఎంబడి వస్తడు. కొలిచే టేపు తెస్తున్నడు. గులాబి రంగేసిన హద్దురాళ్లు నాలుగు బండిల ఏయిస్తున్న. ముందు రాళ్లు పాతున్రి, కాయిదం సంగతి తెలంగాణ వచ్చినంక సూసుకుందాం.

జై తెలంగాణ.
నీ తమ్ముడు
సాంబయ్య

తా.క.: నీ పేరు చెప్పినప్పుడల్ల జనం చప్పట్లు కొట్టిన్రు. నువ్వు లేవు గద అని నేనే లేచి దండం పెట్టిన. మొదలు ఒక్కసారి అనుకున్న గని చానసార్లయింది.


కాజీపేట టేషను,
9-10-2011

తమ్ముడు సాంబయ్యకు దీవెనలు. కార్డు ముక్క దొరికితె రాస్తున్న. జాగ తక్కువున్నది.

బండిల రాళ్లు సూసినంక నాకు అంత సమజైంది. చెప్తె బండి దింపుతరని సప్పుడు చెయ్యలే. జగిత్యాలల చెప్దామనుకున్న, హన్మండ్లు నా కోసం మిర్చిబజ్జీలు తెచ్చిండు. కరీంనగర్ల చెప్దామనుకున్న, పాటెత్తుకున్నడు. ఇప్పుడు రాళ్లను రైలెక్కిస్తున్నడు.

జాగ అంటె కూసునే జాగరా తమ్మీ. ఇసుకల. నేను కొనలే, ఎవ్వలు అమ్మలే. నీళ్లు తుడిచేది నిజంగ నీళ్లే.

మల్లవ్వ

తా.క.: తొవ్వపొంటి ఎక్కడ ఆపినా, రాళ్లు సూపిస్తె జై కొట్టి ఇడిసిపెట్టిన్రు. ఆ రాళ్లకున్న ఇజ్జత్ నాకు ఎన్నడు లేదు.


సిరిసిల్ల,
12-10-2011

వాడరేవుల చేపలమ్మే కోటమ్మ ఇంట్ల ఉన్న అక్క మల్లవ్వకు.

కార్డు రాస్తవా అక్కా? కవర్ల పెట్టి రాయరాదా? పోస్ట్‌మన్ ఆఫీసు నుంచి టెంటు దాక దాన్ని సదువుకుంట వచ్చిండు. తొవ్వల అడిగినోళ్లకల్ల సదివి వినిపించిండట. నాకు అందేసరికి నాకు తప్ప అందరికి ఎరుకే. అంతకు జర ముందే నా మెడల దండ ఏసిన్రు, నీ తరఫున. దండ తియ్యాల్నో ఉంచుకోవాల్నో తెల్వక కార్డు సదువుకుంట నిలవడ్డ.

ఎవ్వలు తిట్టలే. తిడితె మంచిగుండు. ఎన్నడు మాట్లాడని కామాటి యాదయ్య సుత దగ్గరికి వచ్చి, మా ఇంటి ముంగట సుత జాగున్నది కన్వీనర్ సాబ్, రోజు కూసుంట, రాళ్లు పంపుతవా అన్నడు. పొద్దుమీకేసరికి నా పేరు సముద్రం సాంబయ్య అయింది. మైకు పట్టుకొని అక్కలారా అన్నలారా అంటె చాలు, ఎనుక నుంచి ఎవడో అలల లెక్క చప్పుడు చేస్తున్నడు.

రాజీనామా రాసిచ్చిన. ఈ దినాలల్ల ఎవ్వల రాజీనామాలు ఆమోదం అయితలేవు, నీది మాత్రం ఎందుకయితదన్నరు.

ఇగ నాకు మాటలు లేవు. ఈ ఉత్తరం అందినంక మూట కట్టుకొని తయారుండు. నేనే వస్తున్న. రైలు దొరికితె రైల్ల, లేకుంటె లారీల. నిన్ను తోలుకొచ్చి, టెంట్ల అందరి ముంగట నిలవెట్టి, తప్పెవ్వలదో నీ నోటితోనే చెప్పిస్త. అటెన్క నువ్వు ఎక్కడన్న కూసో.

సాంబయ్య

తా.క.: హన్మండ్లును రమ్మను. రాళ్లు తెమ్మను. అవి మున్సిపాలిటీ రాళ్లు.


వాడరేవు,
15-10-2011

తమ్ముడు సాంబయ్యకు అక్క మల్లవ్వ దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం కోటమ్మ ఇంటికి పొద్దున వచ్చింది. సదివినంక సముద్రం దిక్కు సూస్తె నాకు సముద్రం కనవడ్తలేదు, నీ మెడల దండనే కనవడ్తున్నది. ఇంత దూరం వచ్చినా నన్ను సల్లగ కూసోనియ్యవు గద.

మేం వచ్చిన నాడు ఇట్ల దిగంగనే కోటమ్మ ఎదురొచ్చింది. గంప కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నది. టీవీల మన లొల్లి చూస్తున్నదట. "మీ రాష్ట్రం మీకు వచ్చేస్తే ఇటు రావటం మానేస్తావా వదినా?" అని అడిగింది. రాష్ట్రం వేరైతె తొవ్వ తెగుతదా, పిచ్చిదానా అన్న. మా సాంబయ్య తెంపకుంటె తెగదు అని సుత చెప్పిన.

హన్మండ్లు సంగతి చెప్త. రైల్లనే నిజం చెప్పిన. నమ్మలే. భయపడి జాగ ఇడిసిపెడ్తున్నవక్కా అన్నడు. దిగంగనే టేపు తీసి కొలిచిండు. ఒక కొస పడవ కాడ పెట్టి రెండో కొస పట్టుకొని నడిచిండు. అల వచ్చి టేపు గుంజుకపోయింది. దాని ఎంబడి తను సుత పోయిండు. నడుముల దాక నీళ్లల్ల నిలవడి, ఎనుకకు తిరిగి నా మొకం సూసి, అక్కా ఇది మస్తు పెద్దగున్నదే అన్నడు. అటెన్క కొలుచుడు ఇడిసిపెట్టిండు. ఇప్పుడు పొద్దుగాల లేస్తె వలలు గుంజెటోళ్లతోని పోతున్నడు. రమ్మంటె, జేఏసీ నుంచి లిఖితపూర్వకంగ రావాలె అంటున్నడు.

తమ్మీ, నీ మీద నాకు కోపముంటది. చిన్నప్పటి నుంచి ఉన్నది. గని నిన్ను మంది నవ్వుడు నేను సైసను. నిన్ను నవ్వనీకి నేనొక్కదాన్నే ఉన్న. గందుకే నువ్వు రాకు. నేనే వస్తున్న. ఈ ఉత్తరం డబ్బల ఏసి టేషనుకు పోతున్న. నీ టెంట్లకు వచ్చి, నీ మైకుల నేనే చెప్త. నువ్వు నా నోట్ల నుంచి మాట గుంజి చెప్పిచ్చుడు కాదు, నాకు తెలిసినట్టు నేను చెప్త. నాలుగొద్దులు కూసుందామని వస్తి, నాలుగొద్దులకే లేస్తి. నా రాత.

మల్లవ్వ

తా.క.: రాళ్లు తేలేను. కోటమ్మోళ్లు వాటి మీద చేపలు ఎండవెడ్తున్నరు. గులాబి రంగు మీద నెత్తళ్లు మస్తు కొట్టొచ్చినట్టు కనవడ్తున్నయి.


వాడరేవు,
22-10-2011

సిరిసిల్ల టెంట్ల ఉన్న అక్క మల్లవ్వకు, నీ తమ్ముడు సాంబయ్య నమస్కారం చేసి రాస్తున్నది.

మనిద్దరం తొవ్వల ఎక్కడనో దాటుకున్నం. వరంగల్ల మీ రైలు ఆగినప్పుడు మా రైలు ఎదురుగ ఉండవచ్చు. తొవ్వపొంటి నిన్ను తిట్టుకుంట, ఏమేం అనాల్నో నోటికి చేసుకుంట వచ్చిన. వచ్చి సూస్తె నువ్వు లేవు. హన్మండ్లు ఉన్నడు గని నన్ను గుర్తువట్టనట్టు వల గుంజుతున్నడు.

సుమలత ఫోన్ చేసి అంత చెప్పింది. నువ్వు వచ్చిన తెల్లారే టెంట్ల మైకు పట్టుకున్నవట. జాగ అంటె కూసునే జాగ, మా తమ్ముడు తప్పుగ ఇన్నడు, సాంచాల చప్పుడుకు వాని చెవులు పోయినయి, మీ చెవులు పోలేదు గద, మీరెందుకు చప్పట్లు కొట్టిన్రు అని అడిగినవట. అటెన్క తలకాయెత్తి సూసుడు సంగతి చెప్పినవట. బీడీలు చుట్టే ఆడోళ్లు ఆ మాటకు చాటలు పక్కకు పెట్టిన్రని సుమలత చెప్పింది. మమ్ముల సుత తీస్కపో అక్కా అని ఎంబడి పడ్డరట. వాళ్లందరు గలిసి నిన్నే కన్వీనర్‌ చేసిన్రట. నేను ఇచ్చిన రాజీనామా ఆఖరికి ఆమోదం చేసిన్రన్నమాట. మంచిదే.

అక్కా, నేను ఇక్కడ ఒక్క పూట ఉండి ఎంటనే తిరుగుదామనుకున్న. చెప్పులు సుత ఇడువకుంట ఇసుకల నడిచిన. నీ జాగ ఎక్కడ అని అడిగితె కోటమ్మ గంప జరిపి సూపించింది. కోపంతోనే కూసున్న. నీకు తెలుసు గద, నా పక్కన కూసొని ఎవ్వలు మాట్లాడినా నాకు సగమే ఇనవడ్తది. మైకుల అయితె నా మాటన్న నాకు ఇనవడ్తదని మైకు పట్టుకుంట, అందరు నాకు సోకు అనుకుంటరు. ఇక్కడి చప్పుడు నాకు మొత్తం ఇనవడ్డది. వెయ్యి సాంచాలు ఒక్కసారి నడుస్తున్నట్టే ఉన్నది. గని పోగు తెగుతలేదు. తెగిన పోగు ముడెయ్యుమని ఎవ్వలు పిలుస్తలేరు. కరెంటు పోతలేదు. బట్ట తక్కువ వచ్చిందని ఆసామి అడుగుతలేడు. పొద్దున కూసున్నోన్ని, కోటమ్మ వచ్చి అన్నయ్యా అన్నం తింటావా అంటె చూసిన, పొద్దువంగింది.

నేను ఇంతకుముందు నిన్ను అడిగిన గద, గక్కడ ఏం చేస్తవని. ఇప్పుడు కోరుట్ల నుంచి యాదగిరి నాకు ఫోన్ చేసి, మామా అక్కడ ఏం చేస్తున్నవు అని అడిగితె, నాకు సుత చెప్పరాలే.

బీడీలోళ్లతోని బండి మాట్లాడుకొని నువ్వు వచ్చే నెల మల్ల వస్తున్నవని సుమలత చెప్పింది. రా. మస్తు మంది వస్తున్నరట గద, అందరికి సరిపోయేటట్టు నేను పడవ అవతలి దాక గీత గీసి పెడ్తున్న. పొద్దుమీకి తుడిచిపోతది, తెల్లారి మల్ల గీస్తున్న. అప్పటిదాక టెంటు నువ్వే సూసుకో. ఉపన్యాసాలు తక్కువ చేయించు, పప్పు మాడకుంటె ఉద్యమానికి మస్తు బలం.

నీ చీరెలు, సద్దిగిన్నె ఉన్న అర్రల్నే ఉంటున్న.

నమస్కారాలతోని,
నీ తమ్ముడు,
మాజీ కన్వీనర్
సాంబయ్య

తా.క.: బస్సులు మళ్ల తిరుగుతున్నయని ఇన్న. నీ మరదలు నా గురించి గట్టిగ అడుగుతుండవచ్చు. ఢిల్లీకి పోయిండని చెప్పు. మన నాయకులల్ల ఢిల్లీకి పోయినోళ్లు ఎప్పుడొస్తరని ఇంతవరకు ఎవ్వలు అడుగలే.